వాన నీళ్ళకు ఒకే పద్దు పెట్టండి: చెన్నై నీటి అధికారులకు బహిరంగ లేఖ

చెన్నై మెట్రో వాటర్, గ్రేటర్ చెన్నై కార్పొరేషన్, తమిళనాడు జలవనరుల శాఖ అధికారులకు నమస్కారం.

నేను విల్లివాక్కంలో ఉంటాను. మా నాన్నగారు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని దొరికి నగరి నుంచి ఇక్కడికి వచ్చారు. నేను ఇక్కడే చదువుకుని, ఒక ఆఫీసులో 31 ఏళ్ళు ఖాతాలు రాసి రిటైరయ్యాను. ఇదే లేఖను తమిళంలో రాసి మీ మూడు ఆఫీసులకూ పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఈ ఊళ్ళో మీరిచ్చే నీళ్ళు తాగి బతుకుతున్న తెలుగువాళ్ళం లక్షలమందిమి ఉన్నాం. ఆ నీళ్ళలో కొంత మా పుట్టిన ఊళ్ళ మీద కురిసిన వానే. మీకు నేనేం అడుగుతున్నానో వాళ్ళకూ తెలియాలి.

2019 వేసవిలో మా అమ్మాయికి నెలలు నిండాయి. తొలి కాన్పు. పుట్టింట్లో పురుడు పోయడం మాకు ఆనవాయితీ. గదికి సున్నం వేయించాను, పాత చీరలు ఉతికి పొత్తిగుడ్డలు చేసి పెట్టుకున్నాను. కానీ జూన్ వచ్చేసరికి మా బోరు ఎండిపోయింది. వీధి చేతిపంపు దగ్గర తెల్లవారుజామున మూడింటికి బిందెలు వరసలో పెట్టేవాళ్ళం. ప్రైవేటు లారీ అతను ముందు ఒక ధర చెప్పి, వీధి మలుపు దాకా వచ్చాక ఇంకో ధర అడిగేవాడు. బాలింతకు, పసిబిడ్డకు రోజుకు ఎన్ని నీళ్ళు కావాలో ఆడవాళ్ళందరికీ తెలుసు. చివరికి అమ్మాయిని నాయుడుపేటలో మా చెల్లెలి ఇంటికి పంపాను. కన్నకూతురికి పురుడు పోయలేకపోయాను. వీధిలో ఎవరైనా "అమ్మాయి రాలేదా అక్కా" అని అడిగితే నీళ్ళు లేవు అని చెప్పడానికి నోరు రాక, అత్తగారు పంపలేదు అని అబద్ధం చెప్పాను.

ఆ జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు విల్లివాక్కానికి వచ్చింది. యాభై వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. జనం చూడటానికి వెళ్ళారు, నేనూ వెళ్ళాను. ఆ నీళ్ళు గొట్టంలో కీళ్పాక్ శుద్ధి కేంద్రానికి పోతున్నాయి. ఊరికి రోజుకు కావలసింది సుమారు 100 కోట్ల లీటర్లు. మనసులో భాగహారం చేసుకున్నాను. ఒక రైలు నీళ్ళు ఊరికి నాలుగు నిమిషాలు కూడా చాలవు. ఆ రైలును నడిపినవాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడం లేదు, అప్పుడు అంతకన్నా దారి లేదు. కానీ లెక్కలు రాసిన చేతికి ఆ అంకె ఇప్పటికీ మరపు రాలేదు.

దానికి నాలుగేళ్ళ ముందు, 2015 డిసెంబరు 1న, ఇదే ఊరు మునిగింది. మా తమ్ముడు తాంబరం పక్కన ముడిచ్చూరులో ఉండేవాడు. తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన. మొదటి అంతస్తులోకి నీళ్ళు రావడంతో పిల్లల్ని భుజాన వేసుకుని మేడ మీదికి ఎక్కారు. రెండు రాత్రులు అక్కడే. చంటిపిల్లకు పాలు కలపడానికి వంట గిన్నెను వానలో పెట్టి నీళ్ళు పట్టింది మా మరదలు. అంతకు ముందు నెల, నవంబరులోనే నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో వాన వెయ్యి మిల్లీమీటర్లు దాటింది. మన ఊరికి ఏడాదంతా కలిపి సగటున కురిసేది సుమారు 1400.

ఇప్పుడు ఆ వరస సంవత్సరాలను ఒక చిట్టాలా చూడండి. 2015లో జమ పొంగిపోయింది. 2016లో ఈశాన్య రుతుపవనాలు తమిళనాడుకు సాధారణంలో సగం కూడా ఇవ్వలేదు. 2017 వేసవికే చెరువులు అడుగంటి, సిక్కరాయపురం క్వారీ గుంతల నీళ్ళను శుద్ధి చేసి ఇళ్ళకు పంపవలసి వచ్చింది. 2018 చివర వాన మళ్ళీ ముఖం చాటేసింది. 2019లో రైలు. అంత పెద్ద జమ ఒక్క ఏడాది ఎండను కూడా తట్టుకోలేదు. మామూలు ఇంటి ఖర్చులో ఇలా జరిగితే ఇంట్లోవాళ్ళు కూర్చుని డబ్బు ఎటు పోయిందో వెతుకుతారు. మన నీళ్ళు ఎటు పోయాయో మూడు ఆఫీసులూ ఒకచోట కూర్చుని రాసిన కాగితం నాకు ఎక్కడా కనబడలేదు.

నా మాట ఇదొక్కటే. వాన కురిసే తీరు మారిపోయింది, మన లెక్క మాత్రం పాత తీరులోనే ఉంది. మీ అందరి కాగితాల్లో ఉండేది ఏడాది సగటు. ఆ సగటు పెద్దగా మారకుండానే ఊరు ఒక ఏడు మునగగలదు, ఒక ఏడు ఎండగలదు. ఐప్పసి, కార్తిగై నెలల్లో అంటే మన ఆశ్వయుజ కార్తీకాల్లో రోజూ సాయంత్రం నిదానంగా పడే వాన తగ్గి, నాలుగు రోజుల్లో నెల వానంతా దిగుతోంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుందని శాస్త్రం చెబుతోంది. బంగాళాఖాతం వేడెక్కుతోంది. ఆ గాలి వదిలేటప్పుడు ఒక్కసారిగా వదులుతోంది. 2021 డిసెంబరు 30న ఏ హెచ్చరికా లేకుండా మధ్యాహ్నం మొదలైన వాన రాత్రికి రోడ్లన్నీ ముంచేసింది, ఆఫీసుల నుంచి బయల్దేరినవాళ్ళు అర్ధరాత్రి దాకా ఇళ్ళు చేరలేదు. 2023లో జూన్ నెలలో స్కూళ్ళకు సెలవిచ్చేంత వాన. అదే ఏడాది డిసెంబరులో మిచాంగ్ తుపాను. ఆకాశం ఇచ్చేది జీతంలా నెలనెలా రావడం మానేసి, ఎప్పుడో ఒకసారి చేతికొచ్చే బోనస్‌లా మారింది. బోనస్ డబ్బును జాగ్రత్త చేసే పద్ధతి వేరు.

మన దగ్గర దాచుకునే పెట్టె ఎంతదో చూద్దాం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు. పూండి 3.231 టీఎంసీ, చోళవరం 1.081, పుళల్ 3.3, చెంబరంబాక్కం 3.645, కొత్తగా కట్టిన కన్నన్‌కోట్టై తేర్వాయ్ కండిగై 0.5. అన్నీ నిండితే పన్నెండు టీఎంసీలకు కాస్త తక్కువ. ఊరికి ఒక టీఎంసీ ఇరవై ఎనిమిది రోజులు వస్తుంది. అంటే అన్ని చెరువులూ అంచు దాకా నిండినా పదకొండు నెలలు. అందులోంచి ఎండకు ఆవిరై పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. ఒక్క ఈశాన్య రుతుపవనం తప్పిపోతే వచ్చే వేసవి కష్టం ఖాయం. వీరాణం చెరువు నుంచి 2004 నుంచి వస్తున్న నీళ్ళు ఆదుకుంటున్నాయి, అవి కావేరి నీళ్ళు, అక్కడి రైతుకూ కావాలి.

ఇక జారిపోతున్నది. 2015లో చెంబరంబాక్కం నుంచి ఒక దశలో 29,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు, వదిలారు. అదే వేగంతో ఒక రోజంతా పారితే రెండున్నర టీఎంసీలు. రెండు నెలల పైన ఊరు తాగే నీళ్ళు. ఆ రోజు గేట్లు ఎత్తక తప్పదు, కట్ట తెగితే ఊరే ఉండదు. తప్పు ఆ రోజుది కాదు, మట్టం ముందే తగ్గించుకోని అంతకు ముందు పది రోజులది.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది చెరువుల లెక్క కన్నా ఊరి మీద పడే వాన లెక్క. కార్పొరేషన్ విస్తీర్ణం 426 చదరపు కిలోమీటర్లు. దాని మీద ఒక్క రోజు పది సెంటీమీటర్లు కురిస్తే ఎంత? కాగితం మీద రెండుసార్లు వేసి చూశాను. ఒకటిన్నర టీఎంసీ. చోళవరం చెరువు పట్టేదాని కన్నా ఎక్కువ. అందులో నేల తాగేది, ఆవిరయ్యేది, మురుగులో కలిసేది అన్నీ పోనిచ్చి నాలుగో వంతు మాత్రమే మిగిల్చుకున్నా, పది రోజుల నీళ్ళు. పది సెంటీమీటర్ల రోజులు ఇప్పుడు మనకు అరుదు కాదు. ఆ రోజు మన యంత్రాంగమంతా చేసే పని ఆ నీళ్ళను వీలైనంత త్వరగా సముద్రంలోకి తోయడం. మోటార్లు పెట్టి మరీ తోడి కూవం, అడయారు నదుల్లోకి, బకింగ్‌హామ్ కాలువలోకి పంపుతాం.

తర్వాత అదే సముద్రం నుంచి నీళ్ళు తోడి ఉప్పు తీస్తాం. మీంజూరు దగ్గర 2010లో రోజుకు 10 కోట్ల లీటర్ల కేంద్రం వచ్చింది, నెమ్మేలిలో 2013లో ఇంకో 10 కోట్లు, 2024లో మరో 15 కోట్లు. పేరూరులో 40 కోట్ల లీటర్లది కడుతున్నారు. ఇవి లేకపోతే ఊరి గతి ఏమిటో నాకు తెలుసు కాబట్టి వీటికి వ్యతిరేకంగా ఒక్క మాట అనను. కానీ ఒక్కో వెయ్యి లీటర్ల ఉప్పు తీయడానికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. డిసెంబరులో మన మేడల మీద ఉప్పు లేకుండా పడిన నీళ్ళే అవి. ఒక చేత్తో పారబోసి, ఇంకో చేత్తో కొనుక్కుంటున్నాం. పారబోసేది ఒక ఆఫీసు పుస్తకంలో, కొనేది ఇంకో ఆఫీసు పుస్తకంలో ఉండటం వల్ల ఈ సంగతి ఎవరి కంటా పడటం లేదని నా నమ్మకం. వాన కాలువలు కార్పొరేషన్‌వి. కుళాయి మెట్రో వాటర్‌ది. చెరువు కట్ట, గేటు జలవనరుల శాఖవి. కాలువ కట్టిన ఇంజనీరుకు వీధిలో నీళ్ళు ఎంత త్వరగా దిగిపోతే అంత మంచి పేరు. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయని ఆయన్ని అడిగే అధికారి లేడు.

మా ఊళ్ళో అలా ఉండేది కాదు. నగరి పక్కన మా తాతగారి పల్లెలో చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు, వాన పెద్దగా వస్తోందంటే ముందే ఎన్ని మూరలు తగ్గించాలి, అలుగు పారితే ఆ నీళ్ళు ఏ వాగు పట్టి కింది చెరువుకు చేరాలి, అన్నీ అతని బాధ్యత. అలుగు పారిన రోజు పిల్లలం గంతులేస్తూ వెళ్ళేవాళ్ళం. అతను మాత్రం పార భుజాన వేసుకుని కింది వాగు వెంట నడుస్తూ పోయేవాడు, ఎక్కడైనా గండి పడిందేమో చూడటానికి. ఆ కాలం అంతా మంచిదని చెప్పను. నీళ్ళు పంచే ఆ కుటుంబానికి సొంత మడి సెంటు లేదు, ఊరి బావి దగ్గర వాళ్ళు పక్కన నిలబడేవారు. అది చూసిన కళ్ళే ఇవి. నేను అడుగుతున్నది ఆ పనిని గురించి. వాన మొదటి చుక్క నుంచి కింది చెరువు దాకా ఒకే మనిషి బాధ్యత ఉండేది.

చెన్నై చుట్టూ ఉన్నవీ అలాంటి గొలుసు చెరువులే. అంబత్తూరు మిగులు కొరట్టూరుకు పోవాలి. మా ఇంటికి కాస్త దూరంలో రెట్టేరి చెరువు ఉంది. వేళచ్చేరిలోనూ చెరువు ఉంది. మన పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టుకున్న టీనగర్, 1920ల్లో లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువును పూడ్చి వేసిన నగర్. వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఇప్పటికీ ఉంది, అక్కడ నిలబడితే చెరువు తప్ప అన్నీ కనబడతాయి. పండగలకు మనమంతా చీరలు కొనడానికి వెళ్ళే వీధులు వానకు ఎందుకు మునుగుతాయో ఆ పేర్లే చెబుతాయి. పళ్ళికరణై చిత్తడి నేల పాత విస్తీర్ణంలో ఒక ముక్క మాత్రమే మిగిలింది. దానికి 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు, వచ్చినందుకు సంతోషం. మిగిలిన ముక్కనైనా ఒక్క అడుగు తగ్గనివ్వకండి.

ఇంకో సంగతి, ఇది ముఖ్యంగా తెలుగువాళ్ళు వినాలి. ఊళ్ళో చాలామందికి కృష్ణా నీళ్ళ గురించి మాత్రమే తెలుసు. 1983 ఏప్రిల్ 18న రెండు రాష్ట్రాలూ ఒప్పందం రాసుకున్నాయి, అప్పుడు అక్కడ ఎన్టీ రామారావుగారు, ఇక్కడ ఎంజీ రామచంద్రన్‌గారు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకుని 15, దారిలో ఆవిరి నష్టం 3 పోగా 12 చెన్నైకి. 1996లో తొలిసారి నీళ్ళు వచ్చాయి. కండలేరు నుంచి పూండి దాకా ఉన్న కాలువను తర్వాత సత్యసాయి ట్రస్టు బాగు చేయించింది. అన్నీ మంచి పనులే. కానీ చాలా ఏళ్ళలో ఆ పన్నెండులో చిన్న భాగమే ఇక్కడికి చేరింది. శ్రీశైలంలో నీళ్ళుండాలి, సోమశిల నిండాలి, కండలేరు నిండాలి, అప్పుడు మనకు. వాన తీరు అక్కడా మారుతోంది కదా.

దీనికన్నా దగ్గరిది, ఎవరూ మాట్లాడనిది ఒకటుంది. పూండి కట్టింది కొసస్థలై నది మీద. ఆ నదికి చిత్తూరు వైపు కొండల నుంచి కూడా నీళ్ళు వస్తాయి. నగరి ఏరు దాంట్లోనే కలుస్తుంది. కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు పళ్ళిపట్టు మీదుగా పూండికే వస్తాయి. మా మేనమామ కొడుకు ఫోన్ చేసి "వదినా, ఏరు వచ్చింది" అన్న మర్నాడు మీ పూండి మట్టం పెరిగిందని పేపర్లో చూస్తాను. అంటే ఈ ఊరి నీళ్ళ మొదటి కబురు తెలుగులో పుడుతోంది. అక్కడ ఎంత కురిసింది, ఎంత వదిలారు, ఎన్ని గంటల్లో వస్తుంది అన్నది వరద వచ్చిన రోజు ఫోన్లో చెప్పుకునే మాటగా ఉండకూడదు. ఏడాది పొడవునా రెండు వైపులా రాసే పుస్తకంగా ఉండాలి. ఆంధ్ర అధికారులకూ ఈ మనవి.

నేను అడుగుతున్న పద్దు పెద్ద విషయం కాదు. అక్టోబరు 1 నుంచి జనవరి దాకా ప్రతి వాన రోజుకూ ఒక పేజీ. ఊళ్ళో ఎంత కురిసింది, చెరువుల పైన కొండల్లో ఎంత కురిసింది, ఒక్కో చెరువులోకి ఎంత వచ్చింది, ఎంత వదిలారు, కొసస్థలై, కూవం, అడయారు ముఖాల దగ్గర ఎంత సముద్రంలో కలిసింది. సముద్రంలో కలిసింది ఖర్చు కింద రాయండి. అది ఎప్పుడూ సున్నా కాదు, కాకూడదు కూడా, నదికి సముద్రం చేరే హక్కు ఉంది, ముఖద్వారంలో చేపలు పట్టేవాళ్ళకు ఆ నీళ్ళు కావాలి. కానీ ఎంతో తెలియాలి. మూడు ఆఫీసుల సంతకాలూ ఆ పేజీ మీద ఉండాలి. జనం చూసేలా పెట్టండి.

ఆ పద్దు పెడితే కొన్ని పనులు వాటంతట అవే బయటికొస్తాయి. కొత్త వాన కాలువకు ప్లాను గీసినప్పుడు, అది సముద్రం చేరేలోపు ఏ చెరువులో, ఏ కోనేటిలో, ఏ ఇంకుడు బావిలో ఆగుతుందని అడగవలసి వస్తుంది. సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) వైపు ఇసుక నేల వానను తనే తాగేస్తుంది, అక్కడ సిమెంటు కాలువలు వద్దని అక్కడివాళ్ళు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. మా వైపు బంకమట్టి, ఇక్కడ కాలువ లేకపోతే కుదరదు. నేలను బట్టి పని ఉండాలి. కొరట్టూరు చెరువులోకి మురుగు రాకుండా ఆపితే తప్ప వాన నీళ్ళను దాంట్లోకి ధైర్యంగా మళ్ళించలేం, కాబట్టి మురుగు పని కూడా తాగునీటి పనే అవుతుంది. పోరూరు చెరువు నీళ్ళు 2019లో పనికొచ్చాయి. కరువు వచ్చాక టెన్షన్ పడుతూ వెతుక్కునే బదులు ఊరి లోపలి చెరువులన్నిటినీ ముందే లెక్కలో చేర్చుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చినప్పుడు చెంబరంబాక్కాన్ని ఏ మట్టానికి దించుతారో ముందే ప్రకటించండి. వాన రాకపోతే నీళ్ళు పోగొట్టారని తిడతారు, వస్తే ముంచారని తిడతారు. గేటు దగ్గర నిలబడిన ఆ ఇంజనీరు మీద ఒక్కడి మీదే ఆ భారం ఉండకూడదు. నియమం కాగితం మీద ఉంటే నిర్ణయం అందరిదీ అవుతుంది.

మా వంతు గురించి కూడా చెప్పాలి. 2003లో ఈ రాష్ట్రం ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. దేశానికే దారి చూపించిన చట్టం అది. తర్వాత కొన్నేళ్ళు బావుల్లో నీళ్ళు పైకి రావడం మా కళ్ళతో చూశాం. మరి ఇప్పుడు? 2019 తర్వాత మా అపార్ట్‌మెంట్ ఇంకుడు గుంత మూత తీయించాను. గొట్టం ఉంది, పై వరకు చక్కగా వచ్చింది. లోపల రాయీ గులకా ఏమీ లేవు, కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, ఇటుక ముక్కలు పోసి పైన టైల్స్ వేశారు. కట్టినాయన పర్మిషన్ కోసం గొట్టం చూపించాడు, మేం పదిహేనేళ్ళు మూత తీసి చూడలేదు. మా స్థలం ఒక గ్రౌండు, 2400 చదరపు అడుగులు. పది సెంటీమీటర్ల వాన పడితే దాని మీద పడేది 22,000 లీటర్ల పైన, పన్నెండు వేల లీటర్ల లారీలు రెండిటికి కాస్త తక్కువ. లారీ అతన్ని తిట్టుకుంటూ మేం అన్ని లారీల నీళ్ళు ఏటా వీధిలోకి వదిలేశాం. గుంత తవ్వించి, గులకరాయి, ఇసుక వేయించి, మేడ కడిగించాం. నాలుగు ఇళ్ళకు కలిపి ఖర్చు మా ఒక నెల లారీల బిల్లు కన్నా తక్కువే అయింది.

దయచేసి ప్రతి సెప్టెంబరులో మనిషిని పంపి ఈ గుంతల మూతలు తీయించి చూడండి. జరిమానా తర్వాత సంగతి, ముందు మూత తీయించండి. తెలుగు సంఘాలవాళ్ళకు కూడా చెబుతున్నాను. ఉగాదికి హాలు మాట్లాడినట్టే వినాయక చవితి అయ్యాక ఒక ఆదివారం పెట్టుకోండి. వ్యాసర్పాడిలో, పెరంబూరులో, రాయపురంలో, ఆవడిలో మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో. ఒక్కో వీధికి ఇద్దరు చాలు.

మా మేడ మీద వాన కొలిచే గ్లాసు ఒకటి బిగించాం. పక్కన పాత లెడ్జరు ఒకటి పెట్టాను: తేదీ, వాన ఎంత, గుంతలోకి పోయింది ఎంత, పొంగి వీధిలోకి పోయింది ఎంత, బోరు మట్టం ఎంత. రోజూ ఉదయం ఎనిమిదింటికి నేనో, కింది ఇంటి ఇంటర్ చదివే అబ్బాయో రాస్తాం. అక్టోబరు నెల పేజీ పూర్తికాగానే దాని నకలు మీ మూడు ఆఫీసులకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను. మీ పేజీ నకలు నాకు పంపండి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఉంది.

ఇట్లు,
విల్లివాక్కం నుంచి ఒక రిటైర్డ్ ఖాతాల ఉద్యోగిని